నల్లగండ్ల సామాను, చీరాల ఒడ్డు, ఒక చేపల పోగు

మా ఆయన లిఫ్టు ఎక్కి పదహారు నెలలైంది. అప్పట్లో మేముండేది హైదరాబాద్ నల్లగండ్లలో ఒక అపార్టుమెంటు ఏడో అంతస్తులో. మోకాలి నొప్పి ఉన్న మనిషి రోజూ మెట్లు దిగి, మళ్ళీ మెట్లెక్కి వస్తున్నాడంటే వ్యాయామం అనుకునేరు. లిఫ్టులో ఎవరో ఒకరు “ఇప్పుడెక్కడ చేస్తున్నారు సార్?” అని అడుగుతారు, అదీ భయం. హైటెక్ సిటీలో పందొమ్మిదేళ్ళు పనిచేసిన కంపెనీ ఒక మధ్యాహ్నం ఇరవై నిమిషాల మీటింగు పెట్టి ఆయన్ని ఇంటికి పంపేసింది. అప్పటికి ఆయనకి యాభై ఆరేళ్ళు. మొదటి మూడు నెలలూ దరఖాస్తులు పెట్టాడు, తర్వాత మానేశాడు. వాకింగ్‌కి కూడా అందరూ ఆఫీసులకి వెళ్ళిపోయాక, మిట్టమధ్యాహ్నం ఎండలో వెళ్ళేవాడు.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. పేరు సులోచన, ఆయనదీ నాదీ ప్రొద్దుటూరే, ఇంట్లో పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెబుతాను. నోరు మూసుకుని కూర్చునే రకాన్ని కాను. మా ఆయన్ని, అంటే శ్రీనివాసుల్ని, ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన నోరు తెరిచేలోపే “కన్సల్టింగ్ చేస్తున్నారండీ” అని నేనే చెప్పేసేదాన్ని. ఆయన పరువు కాపాడుతున్నానని నా నమ్మకం.

పోయిన శీతాకాలం నేను బలవంతం చేస్తే అపార్టుమెంటు వాళ్ళతో కలిసి చీరాల దగ్గర సముద్రానికి రెండు రోజులు వెళ్ళాం. అందరూ నీళ్ళలో దిగి ఫొటోలు తీసుకుంటుంటే ఈయన మాత్రం ఒడ్డున వల లాగుతున్న వాళ్ళ దగ్గర రెండు గంటలు నిలబడిపోయాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ వల గురించి పది నిమిషాలు మాట్లాడాడు. అన్నాళ్ళ తర్వాత ఆ నోట అన్ని మాటలు విన్నాను. ఇంటికి రాగానే నేను ఊరుకుంటానా, అక్కడే ఒక చిన్న పల్లెలో రెండు గదుల ఇల్లు వెతికించాను. అద్దె నెలకి ఆరు వేలు. ముందు వరండా, వెనక సరుగుడు తోపు, నాలుగడుగులు వేస్తే సముద్రం. ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే వచ్చే శనివారానికే కార్లతో నింపేస్తారు.

“ఈ వయసులో ఊరు మారడమేంటి, అక్కడ మీకు ఎవరున్నారు?” అని బంధువులు తలో మాటా అన్నారు. ఆయన మాత్రం ఒక్కటే షరతు పెట్టాడు. “ఒక్క రాత్రి ఉండి చూస్తా. అక్కడ గూడా నేను ఉట్టిగా కూర్చునేదే అయితే, పొద్దున అదే బండిలో ఎనక్కి వచ్చేద్దాం.” సరేనన్నాను. కారు అంతకుముందే అమ్మేశాం కాబట్టి సామాను బండిలోనే మేమూ వెళ్ళాలి. డీసీఎం బండి, అంటే చిన్న లారీ, ఒకటి రెండు రోజులకి, రానుపోను ఇరవై నాలుగు వేలకి మాట్లాడాను. డీజిలూ టోలూ అందులోనే. చీరాల నుంచి తిరుగు సరుకు దొరికితే ఇంకా తగ్గించేవాణ్ణని డ్రైవర్ యాదగిరి అన్నాడు కానీ మా షరతు అలాంటిది, తిరుగు సరుకు మేమే కావచ్చు.

పొద్దున ఐదింటికి బయలుదేరాం. మీరూ ఇలా సామానుతో వెళ్ళేట్టయితే అంతకన్నా ఆలస్యం చేయకండి, ఎండెక్కితే డీసీఎం క్యాబిన్లో కూర్చోలేరు. తెల్లాపూర్ మీదుగా ఔటర్ రింగు రోడ్డెక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ రోడ్డు పట్టుకున్నాం. నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగితే అద్దంకి రోడ్డు. యాదగిరి శంకర్‌పల్లి వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, మాటకారి. గంటసేపు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

“మేడమ్, ఏమనుకోకుండ్రి. మంది అంత గా ఊర్లకెల్లి హైదరాబాద్‌కొస్తున్రు. మీరేంది ఉల్టా పోతున్రు?”

“ఆయనకి సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పాడయ్యా,” అన్నాను. ఏ డాక్టరూ చెప్పలేదు. కిటికీ పక్కన కూర్చున్న మా ఆయన దవడ బిగుసుకోవడం చూశాను. చూసి కూడా ఇంకో రెండు అబద్ధాలు ఆడాను.

“అట్లనా. గట్లయితే ఫికర్ లేదు తీయిండ్రి,” అన్నాడు యాదగిరి.

నల్లగొండ దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల హోటల్లో టిఫిన్ చేశాం. ముగ్గురికీ కలిపి నూట నలభై. దోసెలు పోసే పెద్దావిడ పల్లీ చట్నీ వేస్తుంటే మా ఆయన “అమ్మా, కారం ఉందా?” అని అడిగాడు. ఆమె ఒక గిన్నె తెచ్చి ముందు పెట్టి, “మీది ఏ ఊరు బిడ్డా, పొద్దుగాలనే ఇంత కారం తింటున్నవు?” అంది. “ప్రొద్దుటూరమ్మా,” అన్నాడు, నవ్వుతూ. నేను అప్పుడే చేతులు కడుక్కోవడానికి లేచాను కాబట్టి ఆ జవాబు ఆయనే చెప్పగలిగాడు. ఇది నాకు ఆ పూట తోచలేదు.

వాడపల్లి దగ్గర కృష్ణ దాటేసరికి తొమ్మిదిన్నర. అక్కణ్ణుంచి దాచేపల్లి, పిడుగురాళ్ళ, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు. రోడ్డు బాగుంది, పిడుగురాళ్ళ దగ్గర సున్నం దుమ్ము మాత్రం కళ్ళలో పడుతుంది, అద్దాలు ఎత్తుకోండి. ఒంటిగంటన్నరకి చీరాల చేరి మెస్సులో నూట ఇరవై రూపాయల భోజనం చేశాం. పల్లెకి చేరేసరికి రెండున్నర అయింది. యాదగిరి తాళ్ళు విప్పబోతుంటే మా ఆయన ఆపాడు. “మంచం, గ్యాసు పొయ్యి, ఆ రెండూ దించు చాలు. మిగతాది పొద్దున చూద్దాం.” బండి అలాగే తోపు నీడలో పెట్టించి, చెప్పులు విడిచి, సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయాడు.

నేను ఇల్లు ఊడ్చి, నీళ్ళు పట్టి, టీ పెట్టి, ఐదున్నర దాటాక ఆయన్ని వెతుక్కుంటూ ఒడ్డుకి వెళ్ళాను. అక్కడ చూసింది మీకు కొంచెం వివరంగా చెప్పాలి. ఆ ఒడ్డున అలివి వల వేస్తారు. పడవలో వలని లోపలికి తీసుకెళ్ళి, పెద్ద చుట్టు తిప్పి నీళ్ళలో వదులుతారు. దాని రెండు కొసలకీ కట్టిన తాళ్ళు ఒడ్డు మీద ఉంటాయి. ఒక్కో తాడుకి ఇరవై మంది దాకా వరసగా నిలబడి, వెనక్కి అడుగులు వేస్తూ రెండు మూడు గంటలు లాగితే వల ఒడ్డుకి వస్తుంది. చేపల్ని ఇసుకలో పోగులు పెడతారు. చివరిదాకా లాగిన ప్రతి మనిషికీ ఒక పోగు. ఫొటో కోసం రెండు నిమిషాలు తాడు పట్టుకుని వదిలేసేవాళ్ళకి పోగుండదు. ఆ పోగుని లాగిన మనిషి తీసుకోడు, వాళ్ళింటి ఆడమనిషి వచ్చి ఎత్తుకోవాలి. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు.

నేను వెళ్ళేసరికి వల వచ్చేసింది. పోగులు పెట్టడం కూడా అయిపోయింది. మా ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చొక్కా అంతా తడిసి, ఆ జనంలో నిలబడి ఉన్నాడు. వలవాళ్ళకి పెద్ద అయిన పోలయ్య అని ఒకాయన, అరవై ఐదేళ్ళుంటాయి, నన్ను చూసి కేకేశాడు.

“సారు తాలూకు నువ్వేనామ్మా? రా, మీ పోగు ఎత్తుకో.”

మా ఆయన కాళ్ళ దగ్గర చూస్తే గుప్పెడు సన్నటి నెత్తళ్ళు, నాలుగు కానాగంత చేపలు. నేను ఎప్పటిలాగే ముందూ వెనకా చూసుకోలేదు.

“అయ్యో, మాకెందుకండీ! ఆయనేదో సరదాకి పట్టుకున్నారు. కష్టపడ్డవాళ్ళు, మీరే పంచుకోండి.”

మర్యాదగా మాట్లాడానని అనుకున్నాను. నవ్వుతూనే అన్నాను కూడా. చుట్టూ ఎవరూ నవ్వలేదు. పోలయ్య నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. “టూరిస్టులా? ఉండటానికొచ్చారనుకున్నానే,” అని వంగి, ఆ చేపల్ని రెండు చేతులతో ఎత్తి పక్క పోగులో కలిపేశాడు. మా ఆయన నా కోసం ఆగకుండా ఇంటికి నడిచాడు.

దీపాలు పెట్టే వేళకి వరండాలో కూర్చున్నాం. ఆయన అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. కొబ్బరినూనె తెచ్చి రాయబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“సరదాకంటివి,” అన్నాడు.

“ఏమనాలో తెలీక…”

“రెండున్నర గంటలు లాగినా, సులోచనా. ఎక్కడ చేస్తావని ఒక్కడు అడగల్యా. నా ముందాయన ఎనక్కి అడుగేస్తే నేనూ ఏసినా. అంతే. ఆకర్న ఇసుకలో నాకూ ఒక పోగు పెట్టినారు. అందరికీ ఎంతో నాకూ అంతే. నువ్వొచ్చి సరదాకంటివి.”

“వాళ్ళు కష్టపడ్డవాళ్ళు కదా అని…”

“నేను పడల్యా?”

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన నన్ను అలా నిలదీయడం నేను ఎరగను. ఏడుపొచ్చింది. “కన్సల్టింగ్” అన్న ప్రతిసారీ, “డాక్టరు చెప్పాడు” అన్న ప్రతిసారీ ఈ మనిషికి ఏమయ్యుంటుందో అప్పుడు తెలిసింది. ఆయన ఉన్నచోటు సిగ్గుపడాల్సిన చోటని నేనే పదిమందికీ చెబుతూ వచ్చాను. క్షమించమని అడిగాను. ఆయన తల ఊపాడు కానీ, “పొద్దున పది లోపల బయల్దేరదాం. యాదగిరికి చెప్పినా,” అన్నాడు.

తెల్లవారి ఐదున్నరకి, ఆయన ఇంకా లేవకముందే, పక్కింటికి వెళ్ళాను. అది పోలయ్య ఇల్లే. ఆయన భార్య కనకమ్మ చీరాల బజారులో చేపలమ్ముతుంది. వాకిలి చిమ్ముతున్న మనిషి చీపురు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. జరిగింది చెప్పి, తప్పయిందన్నాను.

“పోగొద్దంటే మాకు గంగమ్మ తల్లి పెట్టిందాన్ని తోసేసినట్టక్కా. నీకు తెలవదు, నువ్వేం చేత్తావులే. మా ముసలోడు రాత్రి సరిగ్గా అన్నం కూడా తినలా,” అంది. “అయినా అంత నోరేందక్కా నీకు? మొగోడు పక్కనే ఉన్నాడు గందా.”

“పుట్టుకతో వచ్చింది కనకమ్మా,” అన్నాను. ఆమె నవ్వింది, నాకు కాస్త ఊపిరాడింది.

పోలయ్య లోపల్నుంచి తాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. నిన్నటి పోగు ఎలాగైనా తీసుకుంటానన్నాను. “నిన్నటిది నిన్నటితోనే పోయిందమ్మా. ఇయ్యాల తాడు ఇయ్యాలది,” అన్నాడు. పోనీ ఆయన్ని పిలుచుకు రానా అంటే గట్టిగా చెయ్యి ఊపాడు. “పిలవమాక. నువ్వు పిలిస్తే నీకోసం వత్తాడు. నువ్వు గమ్మునుండు, చాలు.”

గమ్మునుండటం! నా జన్మలో నాకు ఎవరూ అంత కష్టమైన పని చెప్పలేదు.

ఏడింటికి పడవ వల వదిలి వచ్చింది. మా వరండా నుంచి రెండు తాళ్ళూ కనిపిస్తాయి. కుడి తాడు నిండా మనుషులు. ఎడమ తాడుకి మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. నిన్న మా ఆయన నిలబడ్డ చోటు అదేనని తర్వాత తెలిసింది. ఆయన స్టీలు గ్లాసులో టీ పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. యాదగిరి మంచం విప్పడానికి సిద్ధంగా ఉన్నాడు.

“ఎడం తాడుకి మనిషి తక్కువరో!” అని పోలయ్య ఎవరినీ చూడకుండా అరిచాడు.

మా ఆయన కదల్లేదు. “సార్, మంచం ఎక్కియ్యాల్నా?” అన్నాడు యాదగిరి. ఆయన చూపు ఎడమ తాడు మీదే ఉంది. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను, పొయ్యి మీద ఉప్మా మాడుతోంది. ‘వెళ్ళండి, మీకోసమే పిలుస్తున్నాడు’ అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కున్నాను.

“మనిషి తక్కువరో ఎడం తాడుకి!”

మా ఆయన నా వైపు చూశాడు. నేను గరిటె వైపు చూశాను. కాసేపటికి గ్లాసు అరుగు మీద పెట్టిన చప్పుడైంది. తలెత్తేసరికి ఆయన ప్యాంటు మడుచుకుంటూ ఇసుకలో నడుస్తున్నాడు. ఆ ఖాళీలోకి వెళ్ళి తాడు పట్టుకున్నాడు, ముందున్న కుర్రవాడు వెనక్కి కూడా చూడకుండా అడుగు జరిగాడు.

“సారు పోయిండు మేడమ్. మరి మంచం?” అన్నాడు యాదగిరి.

“నాకు తెలీదయ్యా. ఆయన్నే అడుగు,” అన్నాను.

తొమ్మిదిన్నరకి వల ఒడ్డుకొచ్చింది. నేను వెళ్ళి ఆడవాళ్ళ వెనక, కనకమ్మ పక్కన నిలబడ్డాను. యాదగిరి కూడా బండి వదిలేసి వచ్చాడు. పోలయ్య పోగులు పెట్టుకుంటూ వచ్చి, మా ఆయన కాళ్ళ దగ్గర ఒకటి పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నన్ను పిలిచాడు.

“ఏమ్మా, ఇయ్యాలైనా ఎత్తుకుంటారా, వదిలేత్తారా?”

అందరూ నా వైపు తిరిగారు. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. నేను మా ఆయన్ని చూశాను. ఆయన నేను అంటానని ఎదురుచూశాడు, నేను అనకపోయేసరికి ఆశ్చర్యపోయి చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“ఎత్తుకుంటాం పెద్దాయనా. రేపు గూడా వస్తా. నా జాగా నాకు వదిలిపెట్టండి.”

నేను ముందుకెళ్ళి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చున్నీ పరిచాను. ఆ చేపల్ని ఒక్కొక్కటీ ఏరి అందులో వేసుకుంటుంటే కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకుందామంటే రెండు చేతుల నిండా చేపలే. “ఆపక్కా, కూరలో ఉప్పెక్కువైద్ది,” అంది కనకమ్మ, ఆ మాటకి ఒడ్డంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి తిరిగి యాదగిరిని కేకేశాడు.

“బీరువా ముందు దించు. పైలంగా పట్టుకో, అద్దం ఉంది దానికి.”

ఇది రాసేటప్పటికి మేమిక్కడికి వచ్చి నెల దాటింది. సముద్రం పక్కన ఉంటే కష్టాలు ఉండవని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉప్పు గాలికి మిక్సీ పాడైంది, మందుల కోసం చీరాల పోవాలి, సాయంత్రాలు కరెంటు పోతుంది, నా ఆన్‌లైన్ ట్యూషన్లు సగంలో ఆగిపోతాయి. చేపలు బూడిదతో తోమి శుభ్రం చేయడం కనకమ్మ నేర్పింది, ఇంకా సరిగ్గా రాలేదు. ఆయన బొబ్బలు మానాయి, కాయలు కాశాయి. నాకు వచ్చిన మార్పు అంతకన్నా చిన్నది, అయినా నాకే ఎక్కువ కష్టమైంది. మా ఆయన గురించి ఎవరైనా నన్ను అడిగితే, “అదిగో, అక్కడున్నాడు, అడగండి” అంటున్నాను. ఆయన చెప్పే జవాబులు నేను చెప్పే వాటికన్నా చాలా బాగున్నాయి, ఇన్నాళ్ళూ విననివ్వనిది నేనే. పెద్ద వయసులో కొత్త ఊరికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇల్లూ గాలీ నీళ్ళూ చూసుకుంటారు, చూసుకోవాలి కూడా. మీతో వచ్చే మనిషికి అక్కడ ఒక చోటుందేమో కూడా చూడండి, ఉంటే దానికి అడ్డు నిలబడకండి.

బండితో పనిలేకుండా ఊరికే చూసి రావాలనుకుంటే సికింద్రాబాద్ నుంచి చీరాలకి పగటి రైళ్ళున్నాయి, ఆరేడు గంటల ప్రయాణం. స్టేషన్ నుంచి సముద్రం వైపు షేర్ ఆటోలు మనిషికి ముప్పై రూపాయలు తీసుకుంటాయి. ఒడ్డున వల లాగుతుంటే అడిగి తాడు పట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. పట్టుకున్నారంటే మాత్రం చివరిదాకా లాగండి, వెంట ఒక మూత గిన్నె తీసుకెళ్ళండి, పోగు పెడితే రెండు చేతులతో ఎత్తుకోండి.